మగ్గం మీద మూలబిందువు

కణానికి పరిమాణం ఉండదని నేను చెప్పగానే మగ్గానికి అవతలి వైపు కూర్చున్న ఖాలా సూది ఆపింది.

"సైజే లేదా?" అంది.

"లేదు ఖాలా. పొడుగు లేదు, వెడల్పు లేదు, మందం లేదు."

"కనిపిస్తదా?"

"కనిపించదు."

"మరి మొన్న చౌరస్తాల మైక్ పట్టుకొని ఏమంటివి టీచరమ్మా? కనిపించని దయ్యాన్ని నమ్మొద్దని మస్తు లొల్లి చేస్తివి. గిప్పుడు నా ఇంట్ల కూసోని, నా చాయ్ తాగుకుంట, కనిపించని కణం ఉందంటున్నవ్. గిదేం ఇన్సాఫ్?"

ఖాలా కూతురు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వవలసిందే. ముప్పై ఏళ్లుగా సభల్లో వాదిస్తున్నదాన్ని. జాతకాలు చెప్పేవారితో, నిమ్మకాయలు కట్టేవారితో, మా సొంత చుట్టాలతో ఇంటింటా తగవు పెట్టుకున్నదాన్ని. ఒక్కోసారి ఎదుటివాళ్లు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు ఇచ్చి చప్పట్లు కొట్టించుకున్నాను. పాతబస్తీ జహనుమాలో ఆ చిన్న గదిలో, మగ్గం పక్కన చాప మీద, చాయ్ గ్లాసు కింద పెట్టి ఉదాహరణ వెతుక్కోవలసి వచ్చింది.

"ఉందనలేదు ఖాలా, ఉన్నట్టు అనుకుందాం అన్న," అని మొదలుపెట్టాను. "నయాపూల్ బస్సు ఏడికొచ్చిందని ఫోన్‌ల అడుగుతరు గదా. ముందు అద్దం ఏడుంది, వెనుక చక్రం ఏడుంది అని అడుగుతరా? బస్సు ఏడుంది అంటరు, అంతే. గప్పుడు అంత పెద్ద బస్సును మీరే ఒక చుక్కను చేసిన్రు. గా చుక్కనే కణం అంటం."

"సరే తీ. గా చుక్కల నాకు కిటికీ పక్కన సీటు దొరుకుతదా?" అని ఖాలా మళ్లీ సూది పట్టింది.

అలా మొదలైంది మా చదువు.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్తాను. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఆయన కట్టిన రెండు గదుల ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్నాను. మా గోడకు అవతలి ఇల్లే నేను ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచే ఆవిడది. ఖాలా, ఆమె కూతురు, వాళ్ల మగ్గం. మగ్గం అంటే నేసేది కాదు. నాలుగు కర్రలతో చట్రం కట్టి, చీరనో జాకెట్ గుడ్డనో బిగించి, దాని మీద జరీ దారంతో, చమ్కీలతో పువ్వులు కుట్టేది. ఈ ఊళ్లో పెళ్లి చేసుకునే ఆడపిల్లలు చాలామంది అలాంటి బట్ట కట్టుకునే పీటల మీద కూర్చుంటారు. కుట్టినవాళ్లు ఎవరో వాళ్లకు తెలియదు.

ఖాలా కూతురు నన్ను అక్కా అంటుంది. నేను చెల్లె అంటాను. ఆమెకు ముప్పై ఆరేళ్లు. ఇంటి పక్కనే తెలుగు బడి ఉండేది కాబట్టి తెలుగులోనే చదివింది. ఇంటర్‌లో అన్నీ పాసై ఒక్క ఫిజిక్స్‌లో ఆగిపోయింది. తర్వాత పెళ్లి, ఆ పెళ్లి పొసగక తిరిగి అమ్మ దగ్గరికి. ఇన్నేళ్లూ ఆ ఒక్క సబ్జెక్టు ఆమె వెనకాలే నడిచింది. దగ్గర్లోని ఒక బడిలో ఆయాగా చేస్తోంది. ఆ బడివాళ్లు ల్యాబ్‌లో సహాయకురాలి పని ఇస్తామన్నారు, ఇంటర్ పాసైతేనే. ఓపెన్ ఇంటర్‌లో పేరు నమోదు చేసుకుంది, రెండుసార్లు రాసి తప్పింది. నమోదు గడువు ముగింపుకు వచ్చింది. ఈసారి పోతే మళ్లీ అన్ని సబ్జెక్టులూ మొదటి నుంచి రాయాలి.

ఒక సాయంత్రం గోడ మీద నుంచి పుస్తకం చూపించి, "అక్కా, రెండు నెలలుంది. మొదటి పాఠం కాడనే ఆగిపోతున్న. గిదొక్కటి దాటిస్తవా?" అంది.

మొదటి పాఠం అంటే కణం స్థానం, దాని చలనం. మిగతా యాంత్రికశాస్త్రమంతా దాని మీదే నిలబడి ఉంటుంది. అక్కడ కాలు జారినవాళ్లకు చివరిదాకా ఏదీ అంటదు. కాలేజీలో ఏటా చూస్తాను. పుస్తకం నిండా రైళ్లు, పడవలు, క్రికెట్ బంతులు, ఫిరంగి గుండ్లు. రాసినవాళ్లలో ఒక్కరైనా గుండీ కుట్టుకున్నట్టు లేదు. అమ్మాయిలకు భౌతికశాస్త్రం రాదని తీర్పులు చెప్పేవాళ్ల మీద నేను ఎన్నో వ్యాసాలు రాశాను, వేదికల మీద బల్లలు చరిచాను. కానీ పాతికేళ్లలో నా సొంత నల్లబల్ల మీద కూడా రైలూ బంతీ తప్ప ఇంకేమీ గీయలేదన్న సంగతి ఆ చాప మీద కూర్చునేదాకా నాకు తోచలేదు.

వాళ్ల గదిలో నాలుగు రోజులు గడిచాక అసలైన కణం నా కళ్ల ముందే ఉందని గమనించాను. సూది మొన. గుడ్డ మీద అది ఎక్కడుందో చెప్పడానికి రెండు సంఖ్యలు చాలు. అంచు నుంచి ఇటు ఎంత, పైకి ఎంత.

"ముందుగాల మూలబిందువు పెట్టుకోవాలె," అన్నాను. "అంటే ఏడి నుంచి కొలుస్తున్నమో గా చోటు. గది చెప్పకుంట కణం ఏడుందని అడిగితే జవాబే ఉండదు. నీ ఇల్లు ఏడ అంటే, పాన్ డబ్బా నుంచి మూడో గల్లీ అంటవు. పాన్ డబ్బా లేకుంటే మూడో గల్లీకి అర్థం లేదు."

"మూలబిందువు ఏడ పెట్టుకోవాలె అక్కా?"

"నీ ఇష్టం. ఏడ సులువైతే గాడ. కదలని చోటు చూసుకో, సాలు."

ఆ మాట అంత తేలిగ్గా అన్నాను. ఏళ్ల తరబడి అదే మాట, అదే ఊపులో అంటూ వచ్చాను. చెల్లె శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకుంది.

ఆ తర్వాత ఖాలా చుట్టాల పెళ్లికి మూడు రోజులు బార్కస్ వెళ్లింది. మగ్గం మీద ఒక పెళ్లిచీర ఉంది. అంచు పొడుగునా మామిడి పిందెలు కుట్టాలి. వాళ్లు కేరీలు అంటారు. చీర అంతా ఒకేసారి మగ్గం మీద పట్టదు. ఒక బారెడు కుట్టాక దాన్ని ఒక కర్రకు చుట్టి, రెండో కర్ర నుంచి కొత్త గుడ్డ విప్పుతారు. డిజైన్ ఉన్న కాగితానికి సన్నని చిల్లులు పొడిచి ఉంటాయి. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడితో పైన రుద్దితే కింద చుక్కలు పడతాయి. ఆ కాగితాన్ని ఎక్కడ పరచాలన్నదే నేర్పు. ఖాలా దానికి తన చెయ్యి వాడుతుంది. అంచు మీద రెండు వేళ్లు, ముందు కుట్టిన కేరీ తోక నుంచి నాలుగు వేళ్లు, అక్కడ కాగితం. స్కేలు ఆ ఇంట్లోకి నేను వచ్చాకే వచ్చింది.

వాళ్లమ్మ లేని మూడు రోజుల్లో చెల్లె నా పాఠాన్ని మగ్గం మీద పెట్టింది. కదలని చోటు ఏదని చూసింది. గుడ్డ కదులుతుంది, కాగితం కదులుతుంది. కర్ర కదలదు. మగ్గం ఎడమ మూలనే మూలబిందువు అనుకుని, కర్ర మీద పెన్సిలుతో గీతలు గీసి, ఒక్కో కేరీకి ఇటు ఇంత, పైకి ఇంత అని అంకెలు రాసింది. మొదటి బారెడు ముచ్చటగా వచ్చింది. ఖాలా వేళ్ల కంటే నయంగానే వచ్చింది. తర్వాత గుడ్డ చుట్టి, కొత్తది విప్పి, కర్ర మీద అవే అంకెలు చూసి కాగితం పరిచి, ఏడు కేరీలు కుట్టేసింది. చుట్టేటప్పుడు గుడ్డ కాస్త వాలుగా చుట్టుకుంది. కర్ర మీది అంకెలకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

నాలుగో రోజు ఉదయం ఖాలా పెళ్లి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయింది. కొలవలేదు, దగ్గరికి వెళ్లలేదు.

"లైన్ కిందికి పోయింది," అంది.

గోడకు ఇవతల ఉన్న నాకు తర్వాతి మాటలన్నీ వినిపించాయి.

"ఎవరు చెప్పిన్రు నీకు కర్రను చూసి కుట్టుమని?"

"అమ్మీ, లెక్క ప్రకారం..."

"లెక్కనా! నలభై ఏండ్ల సంది ఈ వేళ్లే లెక్క. ఏడు కేరీలు, ఏడూ మెట్లు దిగినట్టున్నయ్. పెళ్లిపిల్ల అంచు పట్టుకొని చూస్తే ఏమంటది? కుట్టినోళ్లు తాగి కుట్టిన్రంటది! చాల్. ఇగ చదువు నక్కో, వద్దంటే వద్దు. పుస్తకం తీసి పెట్టెల పెట్టు. పరీక్ష లేదు, ఏం లేదు."

పరీక్షకు పన్నెండు రోజులుంది.

ఆ రోజు ఆదివారం. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని, మనసులో వాదన సిద్ధం చేసుకుని బయల్దేరాను. ఆడవాళ్ల చదువు, తరతరాల అన్యాయం, ఒక్క పొరపాటుకు ఒక జీవితాన్ని శిక్షించడం. మూడు అంశాలు, ప్రతి అంశానికీ రెండు ఉదాహరణలు. గుమ్మం దాటుతూనే మొదలుపెట్టాను. "ఖాలా, సమాజంలో ఒక స్త్రీ చదువుకోవాలంటే..."

"మైక్ బంద్ చేయ్ టీచరమ్మా," అంది ఖాలా, తల ఎత్తకుండానే.

చెల్లె మగ్గం పక్కన తల వంచుకుని కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను వంగి చీర అంచు చూశాను. కర్ర మీది పెన్సిలు గీతలు చూశాను. పక్కన నోటుబుక్కులో నా వాక్యం ఆమె గుండ్రని అక్షరాల్లో ఉంది. మూలబిందువు కదలని చోట పెట్టుకోవాలి. మనకు ఎక్కడ సులువైతే అక్కడ.

కర్ర కదలదు. నిజమే. నేల నుంచి చూస్తే కదలదు. కానీ కేరీ ఉండవలసింది నేల మీద కాదు, చీర మీద. చీర నుంచి చూస్తే కదిలింది కర్రే. దేని మీది కణాన్ని గురించి మాట్లాడుతున్నామో దానితో పాటు ఉండే చోటునే మూలబిందువుగా తీసుకోవాలి. దాన్ని మార్చితే అంకెలన్నీ మార్చాలి. ఆ రెండో సగం నేను చెప్పనే లేదు. నా కాలేజీ పిల్లలకూ ఏనాడూ సరిగ్గా చెప్పినట్టు లేదు. వాళ్లు రైలు లెక్కలో తప్పు చేస్తే మూడు మార్కులు పోయేవి. ఇక్కడ ఏడు కేరీలు పోయాయి.

"ఖాలా," అన్నాను, "తప్పు చెల్లెది కాదు. నాది. నేను సగమే చెప్పిన. నేను చెప్పినంత వరకు ఆమె చక్కగ చేసింది."

ముప్పై ఏళ్ల వాదనల్లో 'తప్పు నాది' అన్న రెండు పొట్టి మాటలు ఎదుటివాళ్ల ముందు ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టుకుంటే, ఇదే మొదటిసారేమో.

ఖాలా నా వైపు చూసింది. మొదటిసారి కోపం బదులు ఆసక్తితో చూసింది. "తప్పు నీదైతే విప్పు మరి," అని ఒక చిన్న కత్తెర నా వైపు నెట్టింది.

విప్పడం కుట్టడం కంటే కష్టం. వెనుక వైపు దారం పట్టుకుని, ముందు వైపు జరీ తెగకుండా, గుడ్డ నూలు చిట్లకుండా ఒక్కో కుట్టూ లాగాలి. పది నిమిషాల్లో రెండుసార్లు వేలు పొడుచుకున్నాను. చెల్లె నోట్లో పెట్టుకోమంది. ఖాలా, "చీర మీద రక్తం పడనియ్యకు, గది గిట్ల విప్పితే పోదు," అంది. పడనివ్వలేదు.

ఒక కేరీ అంచు మొత్తం ఊడిపోయి వచ్చింది. ఖాలా ఆ దారాన్ని పట్టుకుని చెయ్యి చాచింది. వేలి కొస నుంచి భుజం దాటి ఇంకా మిగిలింది. అరచేతిలో పట్టే కేరీకి అంత దారం.

"చూసినవా?" అంది కూతురితో. "గింత నడిచింది నీ సూది. ఉత్తగ పోయింది."

చెల్లె ఆ దారాన్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "అక్కా... గిది దూరం కదా? సూది నడిచిందంతా. మరి కేరీ ఏడ మొదలైందో గాడనే వచ్చి ముడి పడ్డది. స్థానభ్రంశం..."

దారం రెండు కొసలూ దగ్గరికి చేర్చింది.

"సున్న," అంది.

"సున్ననా?" ఖాలా కళ్లజోడు పైకి తోసింది. "గంటసేపు వంగి కూసుంటే ఒక కేరీ అయితది. నా నడుముకు చెప్పు సున్న అని. టీచరమ్మా, మీ పుస్తకంల నడుముకు ఏం పేరుంది?"

"ఏం లేదు ఖాలా," అన్నాను. "మీ నడుము సంగతి మా పుస్తకంల లేదు."

"మరి రాయుండ్రి," అంది. అప్పుడే మొదటిసారి నవ్వింది.

ఆ ఉదయం ఏడు కేరీలలో నాలుగు విప్పాం. మధ్యాహ్నం ఖాలా ఖట్టీ దాల్, అన్నం పెట్టింది. తిన్నాక మొదటి కేరీని సరైన చోట మళ్లీ మొదలుపెట్టింది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది, చూసి సిగ్గు తెచ్చుకోమని. నిటారు గీత మీద ఆమె సూది పొడుగు పొడుగు అంగలు వేసింది. తోక దగ్గర వంపు వచ్చేసరికి అంగలు చిన్నవయ్యాయి. వంపు బాగా తిరిగే చోట బియ్యపు గింజంత కుట్లు, ఇంకా తిరిగే చోట నూగు గింజంత.

"వంపు కాడ టాంకా చిన్నగ పడాలె," అంది కూతురికి చూపిస్తూ. "పెద్దగ వేస్తే కేరీ మూతి విరిగినట్టు కనిపిస్తది. వంపు వంపులెక్క ఉండాలంటే, ప్రతి టాంకా గా క్షణంల ఏ దిక్కుకు పోతున్నదో గా దిక్కుకే పడాలె. ముందు ఏడుండె, తర్వాత ఏడికి పోతది అని ఫికర్ చేయొద్దు."

నేను చేతిలోని కత్తెర కింద పెట్టేశాను. కాల వ్యవధిని సున్నాకు చేరువ చేస్తూ పోతే సరాసరి వేగం తక్షణ వేగమవుతుంది, దాని దిశ ఆ బిందువు దగ్గర వక్రానికి స్పర్శరేఖ వెంట ఉంటుంది. ఈ ఒక్క వాక్యాన్ని పాతికేళ్లుగా బోర్డు మీద రాసి, కింద గీత గీసి, "అర్థమైందా?" అని అడిగి, మౌనాన్ని అవును అనుకుని ముందుకు పోయాను. బడి మెట్లెక్కని ఒక పెద్దావిడ దాన్ని నూగు గింజలతో చెప్పింది.

"అమ్మీ, మళ్ల చెప్పు," అంది చెల్లె. ఆమె చెయ్యి పుస్తకం వైపు వెళ్లింది. అది పెట్టెలో ఉంది. తల్లి వైపు చూసింది.

ఖాలా ఆ చూపును చాలాసేపు పట్టించుకోలేదు. కుట్టుకుంటూనే పోయింది. ఆ తోక పూర్తయ్యాక, "పెట్టె తాళం బియ్యం డబ్బా మీదుంది," అంది.

తర్వాత ఎర్ర దారం ఒకటి తెంపి, గుడ్డ అంచులోనే ఒక కుట్టు వేసి చిన్న ముడి పెట్టింది. "ఇగ గిదే నీ మూలబిందువు. కర్రను చూడకు. గుడ్డ ఏడికి పోతే గిది గాడికి పోతది."

మిగిలిన పన్నెండు రోజులూ మేము మగ్గం చుట్టూనే చదివాం. ఖాలా వింటున్నట్టు కనిపించేది కాదు. కానీ ఏదైనా నిర్వచనం దగ్గర చెల్లె తడబడితే, "నిన్న గట్ల చెప్పలే," అనేది.

పరీక్ష ముందు రోజు మళ్లీ తగవు వచ్చింది. ఈసారి ఖాలాకూ నాకూ. ఖాలా తన కూతురి దండచేతికి ఒక తాయెత్తు కట్టింది. నల్లదారానికి గోటి అంత ఇత్తడి గొట్టం, లోపల మడిచిన కాగితం. నేను ఊరుకోలేదు. ఊరుకుంటే నేను నేను కాదు. మా అమ్మ నా పరీక్షలకు దిష్టి తీసి గుమ్మంలో పగలగొట్టిన గుమ్మడికాయ గురించి కూడా ఇంతే గట్టిగా తగవులాడాను. పరీక్ష రాసేది చెల్లె చెయ్యి అన్నాను. చదివింది చెల్లె కళ్లు అన్నాను. రేపు పాసైతే ఆ ఘనత ఇత్తడికి పోతుంది, తప్పితే ఆ నింద చెల్లెకు వస్తుంది, ఇదేం న్యాయం అన్నాను.

ఖాలా అంతా వింది. "నువ్వు రెండు నెలలు చదివించినవ్. నాకు చదువు రాదు," అంది. "నేనేం కట్టాలె మరి?"



పరీక్ష కేంద్రం నయాపూల్ అవతల ఒక కాలేజీ. పొద్దున్నే ఇద్దరం బస్సులో వెళ్లాం. గేటు దగ్గర తనిఖీ చేసే ఆవిడ చెల్లె చేతులు తడిమి, కుర్తా చెయ్యి కింద గట్టిగా తగిలేసరికి ఆగింది.

"ఏందిది?"

"తావీజ్ మేడం."

"లోపల ఏముంది?"

చెల్లె అబద్ధం చెప్పలేదు. "కాగితం," అంది.

"కాగితమా? రాసి ఉందా?"

"హౌ."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. రాసిన కాగితం ఏదీ లోపలికి పోదు. విప్పి చూపించు, లేకపోతే బయట పెట్టు. వెనుక వరుస పెరుగుతోంది. విప్పితే లోపలి దాని విలువ పోతుందని తల్లి చెప్పిన మాట. బయట పెడితే ఎక్కడ పెట్టాలి? చెల్లె తాయెత్తును వేళ్లతో కప్పి పట్టుకుంది. రెండు నెలల చదువు ఆ వేళ్లలోంచి జారిపోతున్నట్టు అనిపించింది.

"నాకియ్యి," అన్నాను.

నా వైపు చూసింది. నా వ్యాసాలన్నీ ఆమె చదివింది.

"కింద పెట్టొద్దక్కా," అంది, దారం విప్పుతూ. "భూమికి తగలొద్దు. గంతే."

"తగలదు. పో. ముందుగాల ఏం పెట్టుకుంటవు?"

"మూలబిందువు," అని లోపలికి పరిగెత్తింది.

మూడు గంటలు ఆ గోడ పక్కన నిలబడ్డాను. సంచిలో వేయవచ్చు. కానీ సంచిని కూర్చున్నప్పుడల్లా నేల మీద పెట్టడం నాకు అలవాటు, అందుకని వేయలేదు. పిడికిట్లోనే ఉంచుకున్నాను. మా హేతువాద సంఘం మనిషి ఒకాయన అదే దారిన పోతూ నన్ను చూసి స్కూటర్ ఆపాడు. నా చేతిలోంచి వేలాడుతున్న నల్లదారం చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"ఏంది మేడం, మీరు గూడ మొదలుపెట్టిన్రా?"

"ఒకామె సామాను. వచ్చేదాంక పట్టుకున్న."

"మరి సంచిల వెయ్యొచ్చు గద?"

"మాటిచ్చిన అన్నా," అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. వచ్చే సమావేశంలో ఇది నా మీదికి వస్తుందని తెలుసు. వచ్చింది కూడా.

పిడికిలి విప్పి చూస్తే అరచేతిలో గొట్టం అచ్చు పడి ఉంది. అది రెండు గ్రాముల ఇత్తడి. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. అది ఏ ప్రశ్నకూ జవాబు రాయలేదు. కానీ అరచేతిలో బరువున్నది ఇత్తడి ఒక్కటే కాదు. చదువు చెప్పలేని ఒక తల్లి తన బిడ్డకు ఇవ్వగలిగిందంతా అందులో ఉంది. దాన్ని నేల మీద పెట్టడానికి ఏ తర్కమూ నన్ను బలవంతం చేయలేదు.

గంట కొట్టాక అందరి కంటే చివర చెల్లె వచ్చింది. వేళ్లకు సిరా. నన్ను చూసి దూరం నుంచే అరిచింది.

"అక్కా! గదే వచ్చింది! స్థానం, స్థానభ్రంశం, తేడా రాయుండ్రి, బొమ్మ గీయుండ్రి. కేరీ గీసిన!"

"కేరీ గీసినవా?"

"కేరీ చుట్టు సూది తిరిగినట్టు. పుస్తకంల గుండ్రం ఉంది గానీ నాకు కేరీ సులువు. మూలబిందువు గుడ్డకే పెట్టిన."

ఆమె దండచెయ్యి చాచింది. "గిది కట్టు మరి." కట్టాను. నా అభిప్రాయాలు ఏవీ మారలేదు. ముడి గట్టిగా ఉందో లేదో మాత్రం రెండుసార్లు చూశాను.

ఫలితం వచ్చిన రోజు నేను కాలేజీలో ఉన్నాను. ఫోన్‌లో చెల్లె మాట్లాడలేకపోయింది. ఖాలా ఫోన్ లాక్కుంది. "పాస్ అయింది టీచరమ్మా. ముప్పై అయిదు చాలంట, నలభై ఒకటి వచ్చినయ్. మిగిలిన ఆరు ఏం చేయాలె?"

"దాచిపెట్టుకోండ్రి ఖాలా."

సాయంత్రం మిఠాయి పట్టుకుని వెళ్లాను. చెల్లె బడికి వెళ్లి ల్యాబ్ పని ఖాయం చేసుకుని వచ్చింది. కొత్త తాళంచెవులు చూపించింది. గదంతా సంతోషం. ఖాలా ఒక్కత్తే మగ్గానికి తన వైపు కూర్చుని ఉంది. అవతలి వైపు చాప ఖాళీగా ఉంది. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. పెద్ద చీరకు మగ్గం దగ్గర ఇద్దరు కావాలి. ఎదురెదురుగా. ఇంతకాలం చెల్లె ఉదయం ఆయా పని చేసి మధ్యాహ్నానికి వచ్చేది. ఇప్పుడిక సాయంత్రం దాకా బడిలోనే. పరీక్షకు పన్నెండు రోజుల ముందు పుస్తకాన్ని పెట్టెలో పెట్టించినప్పుడు ఖాలాకు ఈ ఖాళీ చాప కనిపించే ఉంటుంది. కనిపించినా తాళం ఎక్కడుందో చెప్పింది.

నేను వెళ్లి ఆ చాప మీద కూర్చున్నాను.

"ఏంది?" అంది ఖాలా.

"ఆదివారాలు నాకు కాలేజీ లేదు."

"నీ కుట్టు చూస్తే పెళ్లిపిల్ల పీటల మీది నుంచి లేచి పోతది."

"విప్పుడు వచ్చు గదా నాకు. విప్పుడైతే నేర్చుకున్న."

ఖాలా సూదికి దారం ఎక్కించింది. అంచు పక్కన ఎవరికీ కనిపించని ఒక మూల చూపించి నాకిచ్చింది. నేను గుడ్డలో సూది గుచ్చబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ముందుగాల చెప్పు. ఏడి నుంచి?"

నేను ఎడమ చేతి వేలుతో గుడ్డ అంచు తడిమాను. ఈ కొత్త చీరకూ ఖాలా వేసిన ఎర్ర ముడి దొరికింది. దాని నుంచి ఇటు నాలుగు వేళ్లు, పైకి రెండు వేళ్లు చూపించాను.

"సబాష్," అని ఖాలా చెయ్యి వదిలింది.